మిగతా రెండిళ్లలో ఎవరుంటున్నారు?

ఖమ్మంలో మా ఇంటి డాబా మీద నాలుగు మూలలా పిల్లర్ల చువ్వలు నిలబడి ఉండేవి. ఎప్పటికైనా పైన ఇంకో గది వేయాలని 1992లో స్లాబు పోసిన రోజున నాన్న మేస్త్రీకి చెప్పి వదిలించిన చువ్వలవి. వాటికి దండెం కట్టి అమ్మ బట్టలు ఆరేసేది. తుప్పు మరకలు పడతాయని తెల్ల బట్టలు మాత్రం కింద వాకిట్లో వేసేది. పై గది ఎన్నటికీ లేవలేదు. కింది గోడలకు ప్లాస్టరింగు కావడానికే పదకొండేళ్లు పట్టింది. అన్నాళ్లూ ఇటుకల సందుల్లో నేనూ చెల్లీ బలపం ముక్కలు దాచుకునేవాళ్లం.

నాన్న మిర్చి మార్కెట్లో ఒక కమీషను కొట్టులో గుమాస్తా. జీతం 1,900 రూపాయలు. ఇంటి కోసం తెచ్చిన అప్పు 40 వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 800. జీతం చేతికొచ్చిన సాయంత్రమే అందులోంచి 800 తీసి కాగితంలో మడిచి దేవుడి గూట్లో పెట్టేవారు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువు కాబట్టి 1995లో, 1998లో, 2001లో నోటు తిరగరాశారు. తిరగరాసిన ప్రతిసారీ రెవెన్యూ స్టాంపు తడిపి అంటించి, దాని మీదుగా సంతకం చేసి, సిరా ఆరేదాకా నోటును రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవారు. నోటు మీద తేదీ మారేది. అంకె మారేది కాదు. అదే 40 వేలు.

2003లో అమ్మకు పుట్టింటివారిచ్చిన అరెకరం అమ్మి అసలు తీర్చేశారు. అప్పటికి వడ్డీ కిందే 1,05,600 రూపాయలు వెళ్లిపోయింది.

ఈ లెక్క నేను మొదటిసారి బయటి మనిషికి చెప్పింది అమెరికాలో. అట్లాంటాలో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. 2014లో ఒక శనివారం ఆఫీసు మిత్రులతో కలిసి హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ కడుతున్న ఒక ఇంటి దగ్గర పని చేయడానికి వెళ్లాను. అక్కడివి చెక్క చట్రాల ఇళ్లు. పదహారు అంగుళాలకొక నిలువు చెక్క చొప్పున గోడ మొత్తాన్ని నేల మీదే పడుకోబెట్టి మేకులు కొడతారు. తర్వాత ఎనిమిది మంది వరుసగా నిలబడి, అందరూ ఒక్కసారిగా పట్టి లేపుతారు. నేల మీది చెక్కల కుప్ప మన కళ్ల ముందే గోడగా లేచి నిలబడుతుంది. కిటికీ ఉండాల్సిన చోట ఖాళీ, ఆ ఖాళీలోంచి అవతలి వీధి.

నాకు సుత్తి పట్టుకోవడం నేర్పినావిడే ఆ ఇంట్లోకి రాబోయే మనిషి. ఆసుపత్రి వంటశాలలో పని చేస్తుంది, ఇద్దరు పిల్లలు. సుత్తి పిడిని తల దగ్గర కాకుండా చివర పట్టుకుంటే బరువే మేకును దించుతుందని చూపించింది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఒక రిజిస్టరులో తన పేరుకు ఎదురుగా ఎనిమిది గంటలని రాసి సంతకం చేసింది. ఇల్లు పొందే కుటుంబం కొన్ని వందల గంటలు స్వయంగా పని చేయాలి, తన ఇంటి మీదా ఇతరుల ఇళ్ల మీదా. అది వాళ్ల శ్రమ వాటా. ఆవిడ సంతకం చేస్తున్నప్పుడు నాకు మా ఇంట్లో నోటు తిరగరాసిన సాయంత్రాలు గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం చెక్కల మీద కూర్చుని తింటున్నప్పుడు మీ దేశంలో ఇళ్లు ఎలా కొంటారని అడిగింది. నాన్న కథ చెప్పాను. అప్పు 40 వేలు, కట్టింది మొత్తం కలిపి లక్షా నలభై అయిదు వేల పైచిలుకు. ఆవిడ తినడం ఆపి వేళ్ల మీద లెక్క వేసింది. "అంటే మీ నాన్న మూడిళ్లకు పైగా డబ్బు కట్టారు. మరి మిగతా రెండిళ్లలో ఎవరుంటున్నారు?"

పదేళ్లు దాటింది, ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ సంస్థ పుట్టిన కథ తెలుసుకుంటే ఆవిడ ఆ ప్రశ్న ఎందుకు వేయగలిగిందో అర్థమవుతుంది. జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న ఊరి దగ్గర 1942లో క్లారెన్స్ జోర్డన్ అనే ఆయన, మరికొందరు కలిసి కొయినోనియా అనే వ్యవసాయ క్షేత్రం పెట్టారు. నల్లవారూ తెల్లవారూ కలిసి పని చేసి, ఒకే బల్ల దగ్గర భోంచేసే చోటు అది. ఆ కాలానికి, ఆ ప్రాంతానికి అది ప్రాణాల మీదకు తెచ్చుకునే పని. 1950లలో చుట్టుపక్కల వర్తకులు వాళ్లను వెలివేశారు. కాల్పులు జరిగాయి, రోడ్డు పక్కన వాళ్ల దుకాణం మీద బాంబు వేశారు. స్థానికంగా ఎవరూ కొనకపోవడంతో పెకాన్ గింజలను తపాలా ద్వారా దూరప్రాంతాలకు అమ్ముకుని బతికారు. అక్కడికి 1965లో మిలర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు వచ్చారు. ముప్పై నిండకుండానే పది లక్షల డాలర్లు గడించి, ఆ సంపాదన హోరులో కాపురం విరిగిపోయే దాకా వచ్చి, ఆస్తి పంచేసి కొత్త దారి వెతుక్కుంటున్నారు.

1968లో జోర్డన్, ఫుల్లర్ కలిసి ఒక ఆలోచన చేశారు. చుట్టుపక్కల పూరిగుడిసెల్లో ఉండే నల్లజాతి కూలీల కోసం అరెకరం చొప్పున 42 స్థలాలు గుర్తించారు. దాతల డబ్బుతో ఒక నిధి పెట్టారు. ఆ నిధి నుంచి లాభం లేకుండా ఇల్లు కట్టి, వడ్డీ లేకుండా అమ్మాలి. కుటుంబం నెలనెలా కట్టే వాయిదా మళ్లీ అదే నిధిలోకి వెళ్లి ఇంకో ఇల్లు కావాలి. పేదలకు కావలసింది దానం కాదు, పెట్టుబడి అని జోర్డన్ గట్టిగా నమ్మాడు. బో జాన్సన్, ఎమ్మా జాన్సన్ దంపతులది మొదటి ఇల్లు, 1969లో. అది పూర్తయ్యేదాకా జోర్డన్ బతకలేదు. ఆ ఏడాది అక్టోబరులో పోయాడు. ఫుల్లర్ దంపతులు 1973లో ఆఫ్రికాలోని జైరేకు (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) వెళ్లి మబండాకా అనే ఊళ్లో మూడేళ్లు అదే పద్ధతిని పరీక్షించి, తిరిగి వచ్చి 1976లో హ్యాబిటాట్‌ను స్థాపించారు. 1984లో పక్క ఊరు ప్లెయిన్స్‌లో ఉండే మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకుని చేరాక లోకమంతా తెలిసింది. 95 ఏళ్ల వయసులో ఇంట్లో పడి కనుబొమ మీద కుట్లు పడినా ఆ వారమే నాష్‌విల్‌లో ఇంటి పనికి వచ్చిన మనిషి ఆయన.

భారతదేశంలో ఆ సంస్థ పని మొదలైంది 1983లో, ఖమ్మంలోనే. మా ఊళ్లోనే! ఈ సంగతి నాకు అట్లాంటాలో తెలిసింది. మా ఇంటి స్లాబుకు తొమ్మిదేళ్ల ముందే వడ్డీ లేని ఇల్లు అనే మాట మా ఊరికి వచ్చి ఉంది. మా నాన్న చెవిన మాత్రం పడలేదు.

పని చేసే కుటుంబానికి ఇంటిని దూరం చేస్తున్నది ఇటుకల ధర కన్నా ఎక్కువగా వడ్డీ అని ఇన్నేళ్ల తర్వాత నేను నమ్ముతున్నాను. అమెరికా లెక్కే చూడండి. 2 లక్షల డాలర్ల అప్పును 7 శాతం వడ్డీతో ముప్పై ఏళ్లు కడితే నెలకు సుమారు 1,330 డాలర్లు. వడ్డీ తీసేస్తే 556 డాలర్లు. ఇల్లు అదే, కట్టే మనిషి అదే. మొదటి వాయిదా ఆసుపత్రి వంటశాలలో పని చేసే మనిషికి అందదు, రెండోది అందుతుంది. బ్యాంకులో అయితే ఆవిడ ముప్పై ఏళ్లలో మొత్తం 4 లక్షల 79 వేల డాలర్లు కడుతుంది. రెండు ఇళ్ల డబ్బు దాటిపోయింది. (ఇప్పుడు అక్కడి హ్యాబిటాట్ శాఖలన్నీ సున్నా వడ్డీ దగ్గరే నిలబడలేదు, కొన్ని చోట్ల తక్కువ వడ్డీ ఉంది. అయితే వాయిదా కుటుంబ ఆదాయంలో 30 శాతం దాటకుండా చూడాలనే సూత్రాన్ని మాత్రం పాటిస్తారు.)

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే చిన్న మాటలా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతమని విడమరిచి చెబితే గుండె జారుతుంది. డ్వాక్రా సంఘాలకు ప్రభుత్వం 'పావలా వడ్డీ' పథకం తెచ్చినప్పుడు ఆ పేరు జనం నోట అంత త్వరగా నానడానికి కారణం అది వాళ్ల లెక్కలో చెప్పిన మాట కావడమే. పావలా అంటే ఏడాదికి 3 శాతం. అసలు కన్నా వడ్డీ ముద్దు అని మా నాయనమ్మ మమ్మల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అనేది. మనవళ్ల మీది ప్రేమకు చెప్పిన మాటే అయినా, అప్పిచ్చిన వాడి మనసు ఎలాంటిదో మన సామెతకు బాగా తెలుసు. పాత హిందూ ధర్మశాస్త్రాల్లో దామ్‌దుపట్ అనే నియమం ఉంది: ఒకేసారి రాబట్టే వడ్డీ అసలును మించకూడదు. అంటే వడ్డీకి ఎక్కడో ఒక గట్టు వేయాలని మన పెద్దలకూ తోచింది. బైబిలు పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంది, జోర్డన్, ఫుల్లర్‌లు పట్టుకున్న మాట అదే. ఇస్లాం అసలు వడ్డీనే నిషేధించింది. క్రైస్తవ విశ్వాసంతో మొదలైన సంస్థ కదా అని అనుమానపడేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఇల్లు ఇచ్చేటప్పుడు మతం చూడకూడదన్నది ఆ సంస్థ నియమం. నేను పని చేసిన ఇళ్లలో ఒకటి ముస్లిం కుటుంబానిది.

మన ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని నేను అనను. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో తక్కువ ఆదాయ వర్గాలకు 6 లక్షల వరకు ఇంటి రుణం మీద 6.5 శాతం వడ్డీ రాయితీ పెట్టారు. మంచి పథకం. కానీ 2022లో ఆగిపోయేదాకా ఆ రాయితీ బ్యాంకు గుమ్మం లోపలే ఉండేది. జీతం చీటీ లేని హమాలీ, ఆటో నడిపే మనిషి, ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడ గుమ్మం బయటే ఉండిపోయారు. తెలంగాణలో ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షలు ఇస్తుంది, నాలుగు విడతల్లో. బేస్‌మెంటు అయ్యాక ఒకటి, గోడలు లేచాక ఒకటి, స్లాబు పడ్డాక ఒకటి, పూర్తయ్యాక ఒకటి. ఈ వరుసలో ఒక చిక్కుంది. పని అయ్యాక డబ్బు వస్తుంది, పని కావాలంటే ముందు డబ్బు కావాలి. స్లాబుకు కావలసిన ఇనుము, సిమెంటు, సెంట్రింగు కూలీ అన్నీ ముందే చెల్లించాలి. ఆ మధ్య రోజుల కోసం మా వీధిలో మూడు కుటుంబాలు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాయి. ప్రభుత్వ సాయం ఇచ్చిన ఇంట్లోకి కూడా వడ్డీ వెనక తలుపు గుండా వచ్చి కూర్చుంది.

అలాంటప్పుడు ఇల్లు ఉచితంగానే ఇచ్చేస్తే పోలేదా అని మా బావమరిది అడుగుతాడు. ఒంటరి వృద్ధులకు, మంచాన పడ్డవారికి, ఏ ఆధారం లేనివారికి ఉచితంగానే ఇవ్వాలి, అది ప్రభుత్వం చేయాల్సిన పని. నేను మాట్లాడుతున్నది నెలకు పదిహేను, ఇరవై వేలు సంపాదించి, అద్దె ఒక్క నెల తప్పకుండా కట్టే కుటుంబాల గురించి. ఇరవై ఏళ్లు అద్దె కట్టిన మనిషి ఇంటి వాయిదా కట్టలేడని ఏ లెక్కతో తేల్చారు? వాళ్లకు ఉచితం అనే మాట చూపించి లాటరీ వరుసలో నిలబెడితే, పేరు రాని వాళ్లకు ఏళ్లు గడిచిపోతాయి. ఉచితంగా ఇచ్చిన ఇల్లు అక్కడితో ఆగిపోతుంది. వాయిదాల మీద ఇచ్చిన ఇల్లు ఇంకో ఇంటిని కడుతుంది.

ఇంకో మాట. నాన్నకు ఎవరైనా ఇల్లు ఊరికే ఇచ్చి ఉంటే తీసుకునేవారా? తీసుకునేవారు కారు. వడ్డీ లేని అప్పు ఇచ్చి ఉంటే నెలకు 800 చొప్పున యాభై నెలల్లో అసలే తీరిపోయేది. 1996 నాటికి! నేను నాలుగో తరగతిలో ఉండగా! అరెకరం మిగిలేది. చువ్వల మీద గది లేచేది.

ఈ పద్ధతి లోపాలు కూడా చెప్పాలి. మొదటిది, ఇది నెమ్మది పని. స్వచ్ఛంద సంస్థ ఏడాదికి కట్టే ఇళ్లు అవసరం ముందు చెంబెడు నీళ్లు. అయినా పని నాణ్యత మీద చిన్న చూపు వద్దు. మా స్లాబు పోసిన 1992లోనే ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాలో వీధులకు వీధులనే చదును చేసింది. అక్కడి హ్యాబిటాట్ ఇళ్లు మాత్రం నిలబడ్డాయి. అనుభవం లేని కార్యకర్తలు ఒకటి చాలిన చోట రెండు మేకులు కొట్టడమే కారణమని ఆ సంస్థ వాళ్లు చెప్పుకుంటారు.

రెండోది భూమి. ఇల్లు ఎంత చవకగా కట్టినా స్థలం ధర ఆకాశంలో ఉంటే ఏం చేయగలం? దీనికీ అదే జార్జియాలో, అమెరికస్‌కు పక్కనున్న లీ కౌంటీలో 1969లోనే ఒక జవాబు వెతికారు. న్యూ కమ్యూనిటీస్ పేరుతో నల్లజాతి రైతులు 5,700 ఎకరాలను ఉమ్మడి ట్రస్టు కింద పెట్టుకున్నారు. భూమి ట్రస్టుది, దాని మీద ఇల్లు కుటుంబానిది. కరువులో అప్పు పుట్టక 1985లో ఆ భూమి చేజారింది. తర్వాత కాలంలో రుణాల విషయంలో వాళ్ల పట్ల వివక్ష జరిగిందని తేలి పరిహారం వచ్చింది. భూమి పోయినా ఆ ఆలోచన పోలేదు. ఇప్పుడు అమెరికాలో చాలా నగరాల్లో ఇంటి ధర అందుబాటులో ఉంచడానికి అదే దారి పట్టారు. మన దగ్గర స్థలం ఇవ్వగలిగింది ప్రభుత్వమే. అది ఊరికి ఆరు మైళ్ల అవతల, బస్సు లేని గుట్ట వెనక కాకుండా ఇవ్వాలి. పొద్దున్నే మిర్చి బస్తాలు దించడానికి వెళ్లే మనిషికి చార్జీలకే కూలి చాలకపోతే ఆ ఇంటికి తాళమే కాపురం.

మూడోది అసలైన చిక్కు, దీని మీదే నేను ఎక్కువ రోజులు ఆలోచించాను. వడ్డీ లేని నిధి ఏటేటా కరిగిపోతుంది. ఈ రోజు 2 లక్షలు ఇచ్చి పదేళ్లలో 2 లక్షలే తీసుకుంటే, వచ్చే డబ్బుతో అంత ఇల్లు మళ్లీ కట్టలేం. అప్పు తీసుకున్న కుటుంబం మోసం చేయలేదు, ధరలు చేశాయి. వడ్డీ వద్దంటూనే నిధిని నిలబెట్టడం ఎలా?

2021లో ఉద్యోగం వదిలి తిరిగి వచ్చాక ఖమ్మంలో నా బడి మిత్రులు తొమ్మిది మందిమి కూర్చుని ఈ ప్రశ్న మీద చాలా రాత్రులు వాదించుకున్నాం. విదేశాల్లో ఉన్న స్నేహితులు డబ్బు పంపుతామన్నారు. విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్రం దగ్గర నమోదు ఉండాలి. అందుకని ఇక్కడ సంపాదించుకునే మా డబ్బుతోనే మొదలుపెడదామని తీర్మానించుకున్నాం. కరిగిపోయే నిధికి జవాబు మాలో సిమెంటు దుకాణం నడిపే మిత్రుడు చెప్పాడు. "అప్పు రూపాయల్లో ఎందుకు రాయడం? బస్తాల్లో రాద్దాం."

అదే చేశాం. మా మొదటి అప్పు మా పాత వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు. అరవై గజాల స్థలం ఆవిడ పేరు మీదే ఉంది, గోడలు లేచి స్లాబు దగ్గర ఆగిపోయింది. ఇచ్చింది 2,52,000 రూపాయలు. ఆ రోజు సిమెంటు బస్తా 350. అంటే 720 బస్తాలు. నెలకు 12 బస్తాల చొప్పున అయిదేళ్లు. బస్తా ధర ఏడాదికోసారి ఉగాది నాడు చూసి రాసుకుంటాం. ధర పెరిగితే ఆవిడ రూపాయలు కొంచెం ఎక్కువ కడుతుంది, తగ్గితే తక్కువ కడుతుంది. ఇది కూడా ఒక రకం వడ్డీయే కదా అని ఒక మిత్రుడు చివరిదాకా ఒప్పుకోలేదు. నా లెక్కలో కాదు. ఎంత ఇల్లు తీసుకుందో అంత ఇల్లే తిరిగి ఇస్తోంది. 1995లో నాన్న నోటు మీద ఇలాంటి అంకె ఉండి ఉంటే, అది నెలనెలా తగ్గుతూ వచ్చేది.

స్లాబు పోసిన రోజు మేమందరం వెళ్లాం. తట్టలు అందించే వరుసలో నేను మధ్యాహ్నం దాకా నిలబడగలిగాను. ఆవిడ సాయంత్రం దాకా నిలబడింది. మర్నాడు స్లాబు మీద చిన్న చిన్న మళ్లు కట్టి నీళ్లు నిలిపారు. నాలుగు మూలలా పిల్లర్ల చువ్వలు వదిలారు. తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూయమని ఆవిడే మేస్త్రీకి చెప్పింది, పూసేదాకా పక్కనే ఉంది.

మొన్న అయిదో తేదీన ఏడో వాయిదా ఇవ్వడానికి వచ్చింది. బ్లౌజు కొలతలు రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీల్లో లెక్క రాసుకుంటోంది. రూపాయల వరుస లేదు. కట్టినవి 84. మిగిలినవి 636.